తోబుట్టువు జేబులో ఒక చీటీ

లూయీ బాడీ డిమెన్షియా (మతిమరుపుతో పాటు లేనివి కనిపించే మెదడు జబ్బు) ఉన్న అన్నయ్యనో చెల్లినో చూసుకునేవాళ్లు ముందు ఒక చీటీ రాసి పెట్టుకోండి. గోడ వారగా ఎవరో పిల్లలు నిలబడ్డారని అర్ధరాత్రి కంగారుపడితే వైజాగ్ పెద్దాసుపత్రి కేజీహెచ్‌కో, దగ్గర్లోని నర్సింగ్ హోమ్‌కో పరిగెడతాం. నెమ్మదించడానికని హాలోపెరిడాల్ ఇంజెక్షన్ చేస్తే ఒళ్లు కర్రలా బిగుసుకుపోయి, మింగుడు పడక, ప్రాణం మీదికి రావచ్చు. ఈ జబ్బున్నవాళ్ల మెదడులో ఒంటి కదలికలకు కావాల్సిన డోపమైన్ అనే రసాయనం అసలే తక్కువ, ఆ మందు ఉన్నదాన్నీ పనిచేయనివ్వదు. వాంతులకిచ్చే మెటోక్లోప్రమైడ్‌తోనూ ఇదే చిక్కు. జబ్బు పేరు, ఇవ్వకూడనివంటూ ఈ రెండు మందుల పేర్లు, న్యూరాలజిస్టు నంబరు ఇంగ్లిష్‌లో పెద్దక్షరాలతో రాసి, లామినేషన్ చేయించండి. మన వైజాగ్ ఉక్కపోతకి ఉత్త కాగితం చొక్కా జేబులో నిలవదు. మందుల డబ్బాలోనూ ఒకటి ఉండాలి. భ్రమలు ఉన్నట్టుండి పెరిగాయంటే మూత్రంలో ఇన్‌ఫెక్షన్, మలబద్ధకం ఉన్నాయేమో ముందు చూపించండి.