ప్రోట్రేలో కూరగాయల నారు: ముందు మిశ్రమం, తర్వాతే నీళ్లు

మిద్దె మీద టమాటా, వంగ, మిరప నారు చచ్చిపోతే తప్పంతా నీళ్ల మీదికి నెట్టేస్తాం. చాలాసార్లు అది అంతకుముందే, ట్రేలో ఏం నింపామన్న దగ్గరే జరిగిపోయి ఉంటుంది.

98 గుంతల ప్రోట్రేలో (నారు పెంచే చిన్న గుంతల ప్లాస్టిక్ ట్రే) గుంత లోతు 4 సెంటీమీటర్లకు కాస్త అటూ ఇటూ. ఇంత తక్కువ లోతులో నీళ్లు పూర్తిగా దిగిపోవు, అడుగున కొంత తడి నిలిచే ఉంటుంది. చెలకలో బంగారంలా పండే ఎర్రమట్టిని ఇందులో పోస్తే నాలుగు తడులకే గట్టిపడి వేరుకు గాలి ఆడదు. నల్లరేగడి సంగతి చెప్పనే అక్కర్లేదు.

కొలతకు 6 పాళ్లు కోకోపీట్ (కొబ్బరి పీచు పొట్టు), 3 పాళ్లు జల్లెడ పట్టిన వర్మీ కంపోస్ట్ (వానపాముల ఎరువు), 1 పాలు పెర్లైట్ (గాలి ఆడేలా చేసే తేలికైన తెల్లటి గుళికలు) కలపండి. వర్మీ కంపోస్ట్ అంతకు మించితే లవణాలు పెరిగి లేత వేళ్లు మాడతాయి. మాగని పశువుల ఎరువు అసలొద్దు. కోకోపీట్ ఇటుకను నానబెట్టి, పిండి, మంచినీళ్లలో కనీసం రెండుసార్లు కడగాలి, దాంట్లో ఉప్పు ఉంటుంది. కలిపిన మిశ్రమాన్ని గుప్పిట్లో గట్టిగా పిండితే వేళ్ల సందుల్లోంచి ఒకటి రెండు చుక్కలు రావాలి. ధారగా కారితే కాసేపు ఆరబెట్టండి.

గుంతలు నింపేటప్పుడు అదమకండి. అర సెంటీమీటరు లోతున గింజ వేసి, పైన కోకోపీట్ చల్లి, నీడలో పాలిథిన్ కప్పండి. మొదటి మొలక తల ఎత్తిన రోజే కవరు తీసేయాలి, లేకపోతే కాడలు సాగిపోతాయి. సాగిన నారుకు కావాల్సింది వెలుతురు, నీళ్లు కాదు.

కోకోపీట్ పైపొర త్వరగా ఆరి లేత గోధుమ రంగుకు తిరుగుతుంది, కింద మాత్రం తడిగానే ఉంటుంది. ఎక్కువమంది మోసపోయేది ఇక్కడే. ట్రేను చేత్తో ఎత్తి చూడండి: తేలిగ్గా ఉంటేనే నీళ్లు. పొద్దున్నే, సన్నటి జల్లుతో, అడుగు రంధ్రాల్లోంచి చుక్కలు పడేదాకా పోయాలి. పైపైన చిలకరిస్తే వేరు కిందికి దిగదు. హైదరాబాద్ ఏప్రిల్, మే ఎండల్లో షేడ్‌నెట్ కింద ఉన్నా రోజుకు రెండు తడులు పట్టొచ్చు. జూలై ముసురులో మాత్రం రెండు రోజులు ముట్టుకోకపోయినా ఫరవాలేదు, పైగా వాన నేరుగా పడకుండా చూసుకోవాలి.

మధ్యాహ్నం ఆకులు వాలాయా? ట్రే తేలిగ్గా ఉంటే దాహం. బరువుగా ఉండీ వాలితే వేరు కుళ్లుతూ ఉండొచ్చు, ఇంకా నీళ్లు పోస్తే పని అయిపోయినట్టే. మొలక కాడ మట్టి దగ్గర నీరుపట్టి, దారంలా సన్నబడి పడిపోతే అది నారుకుళ్లు. పడినవి తీసేసి, తడి తగ్గించి, లీటరు నీటికి 3 గ్రాముల కాపర్ ఆక్సీక్లోరైడ్ కలిపి మొదళ్లు తడపండి. మిశ్రమంలో ట్రైకోడెర్మా (తెగులును అడ్డుకునే మేలు చేసే శిలీంధ్రం) కలిపి ఉంటే రెండూ ఒకేసారి వాడొద్దు, ఈ రాగి మందు దాన్నీ దెబ్బతీస్తుంది.

లవణాలున్న బోరు నీళ్లే దిక్కయితే మిశ్రమం పైన తెల్లటి పొర, కొత్త ఆకుల్లో ఈనెలు పచ్చగా ఉండి వాటి మధ్యభాగం పసుపు తిరగడం కనిపించొచ్చు. వీలైతే వాననీళ్లు గానీ నల్లా నీళ్లు గానీ పోయండి. నల్లా నీళ్లను ఒక రాత్రి బకెట్లో నిలవుంచితే క్లోరిన్ వాసన తగ్గుతుంది.

మొలకతో వచ్చే బీజదళాల తర్వాత అసలు ఆకులు రెండు వచ్చాక 19:19:19ను (నత్రజని, భాస్వరం, పొటాష్ సమానంగా ఉండే, నీళ్లలో కరిగే ఎరువు) లీటరు నీటికి 1 గ్రాము చొప్పున వారానికోసారి ఇస్తే చాలు. టమాటా 25 రోజులకు, మిరప 35–40 రోజులకు నాటడానికి వస్తాయి. నాటే ముందు నాలుగైదు రోజులు తడి తగ్గించి, ఎండకు కొద్దికొద్దిగా అలవాటు చేయండి. తీసే రోజు మాత్రం గంట ముందు ట్రేను బాగా తడిపితే వేరుముద్ద చెదరకుండా గుంతలోంచి జారి వస్తుంది.