షేరింగ్ పెట్టాక కంప్యూటర్ ఆఫ్ అవ్వట్లేదా? ఎక్కడ వెతకాలంటే

"ఫోల్డర్ షేరింగ్ పెట్టించుకున్న దగ్గర్నుంచి కంప్యూటర్ ఆఫ్ అవ్వట్లేదు" అని ఎవరైనా ఫోన్ చేస్తే, అసలు ఏం జరుగుతోందో ముందు అడుగుతాను. షట్టింగ్ డౌన్ అన్న అక్షరాల దగ్గర చుక్కలు తిరుగుతూనే ఉన్నాయా? స్క్రీన్ నల్లబడినా ఫ్యాన్ తిరుగుతోందా? ఆఫ్ అయ్యాక దానంతటదే మళ్లీ ఆన్ అవుతోందా? ఈ మూడూ మూడు వేర్వేరు జబ్బులు. తేల్చుకోకుండా యూట్యూబ్‌లో దొరికిన చిట్కాలన్నీ ఒకేసారి చేసేస్తే, బాగైనా దేనివల్ల బాగైందో తెలియదు.

ఇక్కడ చెప్పేవి విండోస్ 10, 11 గురించి. కమాండ్లను పలికినట్టు తెలుగులో రాశాను, టైప్ చేసేది ఇంగ్లీషులోనే.

ముందు కేబుల్ పీకి చూడండి

ఫైళ్లన్నీ సేవ్ చేసి మూసేయండి. ల్యాన్ కేబుల్ పీకేసి (వైఫై అయితే ఆపేసి) అప్పుడు షట్‌డౌన్ కొట్టండి. టక్కున ఆగిపోతే తప్పు నెట్‌వర్క్ వైపు ఉంది. అప్పుడూ మొరాయిస్తే షేరింగ్‌ని తిట్టుకోవడం అనవసరం. యూఎస్‌బీ డ్రైవ్‌లు, ప్రింటర్ డ్రైవర్ (పరికరాన్ని విండోస్‌తో మాట్లాడించే ప్రోగ్రామ్), సగంలో ఆగిన అప్‌డేట్ లాంటివి చూడాలి.

లక్షణం: చుక్కలు తిరుగుతూనే ఉంటాయి

నాకు ఎక్కువగా తగిలేది ఇదే. ఒక ఆడిటర్ గారి ఆఫీసులో ఆరు కంప్యూటర్లు. ట్యాలీ డేటా, క్లయింట్ల ఎక్సెల్ ఫైళ్లు అన్నీ సార్ క్యాబిన్‌లోని కంప్యూటర్లో ఉంటాయి. మిగతా ఐదింట్లో అదే ఫోల్డర్ జడ్ డ్రైవ్‌గా కనిపిస్తుంది. అక్కడ పనిచేసే అమ్మాయి, "అన్నా, మధ్యాహ్నం ఎప్పుడు ఆపినా బానే ఆగుతుంది. సాయంత్రమే పది నిమిషాలు తినేస్తుంది" అంది. సార్ ఎన్నింటికి వెళ్తారని అడిగాను. ఆరున్నరకి. తన కంప్యూటర్ ఆపేసి మరీ వెళ్తారు.

సగం జవాబు అక్కడే దొరికింది. ఆ అమ్మాయి కంప్యూటర్లో జడ్ డ్రైవ్ నుంచి తెరిచిన ఎక్సెల్ ఫైలు ఇంకా అలాగే ఉంది. షట్‌డౌన్ కొట్టగానే ఎక్సెల్, ఎక్స్‌ప్లోరర్ రెండూ ఆ ఫైలు సంగతి తేల్చమని అవతలి కంప్యూటర్‌ని అడుగుతాయి. అవతల ఎవరూ లేరు. జవాబు రాలేదని ఒప్పుకోవడానికి విండోస్ పెట్టుకున్న గడువు మామూలుగా 60 సెకన్లు. అలాంటి అడగడాలు ఓ పది వరసపెడితే పది నిమిషాలు పెద్ద లెక్క కాదు. అదే కేబుల్ పీకేస్తే నెట్‌వర్కే లేదని విండోస్‌కి వెంటనే తెలిసిపోతుంది కాబట్టి ఎదురుచూడదు.

పరిష్కారానికి సెట్టింగ్ అక్కర్లేదు. ఫైళ్లు ఇచ్చే కంప్యూటర్ చివర ఆగాలి, వాడుకునేవి ముందు ఆగాలి. సార్‌కి ఈ మాట చెప్పడమే అన్నిటికన్నా కష్టమైన పని అనుకోండి.

ఆపే ముందు ఎవరి ఫైళ్లు తెరిచి ఉన్నాయో సార్ కంప్యూటర్లోనే చూడొచ్చు. రన్ బాక్సులో ఎఫ్‌ఎస్‌ఎంజీఎంటీ డాట్ ఎంఎస్‌సీ అని కొడితే షేర్డ్ ఫోల్డర్స్ విండో వస్తుంది. అందులో సెషన్స్ కింద ఎవరు కనెక్ట్ అయ్యారో, ఓపెన్ ఫైల్స్ కింద ఏ ఫైలు ఎవరి చేతిలో ఉందో ఉంటుంది. రైట్ క్లిక్ చేసి మూసేయొచ్చు కానీ, అవతలివాళ్లు సేవ్ చేయని పని పోతుంది. పక్క గదిలోకి ఒక కేక వేయడం మేలు.

ఎప్పుడో తీసేసిన కంప్యూటర్ పేరు మీద మిగిలిపోయిన పాత డ్రైవ్‌లు కూడా ఇలాగే సతాయిస్తాయి. కమాండ్ ప్రాంప్ట్‌లో నెట్ యూజ్ అని కొడితే జాబితా వస్తుంది. పనికిరానిదాన్ని నెట్ యూజ్, డ్రైవ్ అక్షరం, కోలన్, స్పేస్, స్లాష్ డిలీట్ అని కొట్టి తీసేయండి. ఇక్కడ చాలామంది బోల్తా పడే సంగతి ఒకటుంది. ప్రాంప్ట్‌ని రన్ యాజ్ అడ్మినిస్ట్రేటర్‌తో తెరిస్తే ఈ డ్రైవ్‌లు మామూలుగా అందులో కనిపించవు. జాబితా ఖాళీగా ఉంది కదా, ఏమీ లేవు అనుకుంటారు. మామూలు విండోలోనే చూడాలి.

ప్రో ఎడిషన్లలో ఆఫ్‌లైన్ ఫైల్స్ అనే సదుపాయం ఆన్‌లో ఉంటే, అది షేర్ ఫోల్డర్ కాపీని సింక్ చేసుకునే క్రమంలోనూ ఆలస్యం కావచ్చు. కంట్రోల్ ప్యానెల్లో సింక్ సెంటర్ తెరిచి, ఒకసారి పూర్తిగా సింక్ అయ్యాకే ఆపండి. లేకపోతే మీ దగ్గర మాత్రమే మారిన ఫైళ్లు, ఫైళ్లు ఇచ్చే కంప్యూటర్‌కి అప్పటికి చేరవు.

లక్షణం: స్క్రీన్ నల్లబడుతుంది, ఫ్యాన్ ఆగదు

రీస్టార్ట్ బాగా అవుతుంది, షట్‌డౌన్ మాత్రమే కాదు అంటే మొదటి అనుమానం ఫాస్ట్ స్టార్టప్ మీద. విండోస్ 8తో వచ్చిన ఈ ఏర్పాటులో షట్‌డౌన్ అంటే పూర్తి షట్‌డౌన్ కాదు. విండోస్ కెర్నెల్‌ని (దాని గుండెకాయ లాంటి భాగం), డ్రైవర్ల స్థితిని డిస్క్ మీద దాచి నిద్రపుచ్చుతుంది. నెట్‌వర్క్ కార్డు డ్రైవర్ ఆ నిద్రకి సహకరించకపోతే మెషిన్ మధ్యలో చిక్కుకుంటుంది. షిఫ్ట్ నొక్కిపట్టి షట్‌డౌన్ క్లిక్ చేస్తే ఆ ఒక్కసారికి నిజమైన షట్‌డౌన్ జరుగుతుంది. దానికి ఆగిందంటే దొంగ దొరికినట్టే. కంట్రోల్ ప్యానెల్, పవర్ ఆప్షన్స్‌లో పవర్ బటన్ల సెట్టింగ్‌కి వెళ్లి ఫాస్ట్ స్టార్టప్ టిక్కు తీసేయండి. ఎస్‌ఎస్‌డీ ఉన్న మెషిన్‌లో దీనివల్ల పెద్దగా నష్టం తెలియదు.

అది తీసేసినా ఆగకపోతే ఈవెంట్ వ్యూయర్‌లో (విండోస్ తనలో జరిగినవి రాసుకునే డైరీ) సిస్టమ్ లాగ్ తెరిచి ఈవెంట్ ఐడీ నంబర్లు చూడండి. 1074 అంటే షట్‌డౌన్ ఆజ్ఞ అందింది. 6006 అంటే ఈవెంట్ లాగ్ సర్వీసు (వెనకాల నడిచే ప్రోగ్రామ్) మామూలుగా ఆగింది. 1074 ఉండి 6006 లేకపోతే ఏదో ప్రోగ్రామో సర్వీసో అడ్డుపడుతోంది. రెండూ ఉన్నా ఫ్యాన్ తిరుగుతోందంటే విండోస్ తన పని దాదాపు ముగించింది, ఆ తర్వాతి మెట్టులో డ్రైవరో బయోసో (మదర్‌బోర్డులోనే ఉండి కంప్యూటర్‌ని మొదట లేపే ప్రోగ్రామ్) మొండికేస్తోంది. నెట్‌వర్క్ డ్రైవర్‌ని మదర్‌బోర్డు కంపెనీ సైటు నుంచి తెచ్చి వేయండి. పవర్ బటన్ నొక్కిపట్టి చంపిన ప్రతిసారీ తర్వాతి బూట్‌లో 6008 పడుతుంది. అవి వరసగా కనిపిస్తే ఆ ఆఫీసులో రోజూ ఏం చేస్తున్నారో వాళ్లు చెప్పకపోయినా తెలిసిపోతుంది. ట్యాలీ డేటా పాడయ్యేది కూడా ఇలాంటి అలవాటుతోనే.

లక్షణం: ఆఫ్ అయి మళ్లీ ఆన్ అవుతుంది

మొదటి అనుమానం వేక్ ఆన్ ల్యాన్ మీద, అంటే నెట్‌వర్క్ నుంచి పిలుపు వస్తే కంప్యూటర్ లేచే ఏర్పాటు. ఆఫ్ అయ్యాక కూడా నెట్‌వర్క్ కార్డుకి కొంచెం కరెంటు అందుతుంది, కేబుల్ దగ్గర లైటు వెలగడం అందుకే. దాని అడ్రస్‌ను 16 సార్లు మోసుకొచ్చే మ్యాజిక్ ప్యాకెట్ తగిలితే కంప్యూటర్‌ని లేపుతుంది. బ్యాకప్ సాఫ్ట్‌వేర్, రిమోట్ యాప్‌లు ఇలాంటివి పంపుతుంటాయి. డివైస్ మేనేజర్‌లో నెట్‌వర్క్ కార్డు ప్రాపర్టీస్, పవర్ మేనేజ్‌మెంట్ ట్యాబ్‌లో కంప్యూటర్‌ని లేపే అనుమతి తీసేయండి. రియల్‌టెక్ కార్డులైతే అడ్వాన్స్‌డ్ ట్యాబ్‌లో షట్‌డౌన్ వేక్ ఆన్ ల్యాన్ అని విడిగా ఉంటుంది, దాన్నీ డిజేబుల్ చేయండి. బయోస్‌లోనూ ఒకసారి చూడండి.

షట్‌డౌన్ కాదు, స్లీప్‌లోకే వెళ్లట్లేదంటారా? అడ్మినిస్ట్రేటర్ ప్రాంప్ట్‌లో పవర్‌సీఎఫ్‌జీ స్లాష్ రిక్వెస్ట్స్ కొట్టండి. ఎస్‌ఆర్‌వీనెట్ అన్న పేరు కనిపిస్తే, ఎవరో మీ షేర్ ఫోల్డర్ వాడుతున్నారు కాబట్టి విండోస్ మేలుకుని ఉందన్నమాట. అది జబ్బు కాదు, ఉండాల్సిన తీరే.

రిజిస్ట్రీ చిట్కా గురించి

రిజిస్ట్రీలో (విండోస్ తన సెట్టింగులు దాచుకునే చోటు) వెయిట్ టు కిల్ సర్వీస్ టైమౌట్ విలువని 5000 నుంచి 2000కి తగ్గించమని చాలాచోట్ల చెబుతారు. సర్వీసులు ఆగడానికి విండోస్ ఇచ్చే గడువు అది, మిల్లీసెకన్లలో. ఇంట్లో సినిమాలు చూసుకునే కంప్యూటర్లో తగ్గించుకోండి, మీ ఇష్టం. నలుగురి లెక్కలు రాసుకునే కంప్యూటర్లో మాత్రం నేను ముట్టుకోను. డేటాబేస్ సర్వీసు చివరి ఎంట్రీలు డిస్క్ మీద రాసుకునేది ఆ ఐదు సెకన్లలోనే.