నెల తప్పాకే కిట్ తీయండి

పీరియడ్ తేదీకి ఇంకా ఐదు రోజులుండగానే ఆగలేక ప్రెగ్నెన్సీ టెస్ట్ కిట్ తీశాను. ఒక్క గీతే వచ్చింది, అంటే నెగటివ్. ఆ రోజంతా ఏడ్చాను. పది రోజుల తర్వాత అదే రకం కిట్‌లో రెండు గీతలు వచ్చాయి. కిట్ బాగానే ఉంది, తొందరపడింది నేనే.

కిట్ పట్టుకునేది హెచ్‌సీజీ అనే హార్మోన్‌ని. పిండం గర్భాశయం గోడకు అతుక్కున్నాకే అది ఒంట్లో పెరుగుతుంది. అండం విడుదలయ్యాక అతుక్కోవడానికి సాధారణంగా 6 నుంచి 12 రోజులు పడుతుంది. అక్కడి నుంచి ఆ హార్మోన్ దాదాపు రెండు మూడు రోజులకోసారి రెట్టింపవుతుంది. ఈరోజు కిట్‌కి అందనిది నాలుగు రోజులాగితే అందొచ్చు. అందుకే తేదీ దాటనివ్వండి. ఇంకో వారం ఓపిక పడితే ఫలితం మీద నమ్మకం మరింత పెరుగుతుంది. నెలసరి సరిగా రానివాళ్లు, రక్షణ లేకుండా చివరిసారి కలిసిన రోజు నుంచి 21 రోజులు లెక్కపెట్టుకోండి.

పొద్దున లేవగానే వచ్చే మొదటి యూరిన్ మంచిది, చిక్కగా ఉంటుంది. యూరిన్ రావాలని నీళ్లు ఎక్కువగా తాగితే పలచబడి, ఉన్న గీత కూడా కనపడకపోవచ్చు.

ముందు ఎక్స్‌పైరీ తేదీ చూడండి. శుభ్రమైన, పొడి కప్పులో యూరిన్ పట్టాక కవర్ చింపండి. కిట్‌ని సమంగా ఉన్న చోట పెట్టి, ఎస్ అని రాసున్న గుంటలో డ్రాపర్‌తో చుక్కలు వేయండి. నా కిట్‌లో మూడు. మీ కాగితంలో ఎన్ని రాసుంటే అన్నే. తడి ఆ చిన్న కిటికీలో గులాబీ రంగులో మెల్లగా పాకుతుంది. అప్పుడు చేత్తో ఎత్తి చూడాలనిపిస్తుంది, కదపకండి. ఫోన్‌లో ఐదు నిమిషాలకు టైమర్ పెట్టుకోండి. కాగితంలో వేరే టైం ఉంటే అదే పాటించండి.

కిటికీ పక్కన సి, టి అని రాసుంటుంది. సి దగ్గర గీత రాకపోతే ఆ టెస్ట్ లెక్కలోకి రాదు, కొత్త కిట్ కావాలి. సి దగ్గర మాత్రమే వస్తే నెగటివ్. సి, టి రెండు చోట్లా వస్తే పాజిటివ్. టి గీత లేతగా ఉన్నా, రంగు ఉంటే పాజిటివే.

చెప్పిన టైం దాటాక మాత్రం చూడొద్దు. అంతకు ముందు నెలలో, పొద్దున పారేసిన కిట్‌ని సాయంత్రం చెత్తబుట్టలోంచి తీశాను. టి దగ్గర బూడిద రంగులో సన్నటి గీత! రెండు రోజులు ఆశతో గడిపాను, మూడో రోజు పీరియడ్ వచ్చింది. అది యూరిన్ ఆరిపోయాక మిగిలిన మరక.

నెగటివ్ వచ్చి పీరియడ్ కూడా రాకపోతే మూడు రోజులాగి మళ్లీ చేయండి. అప్పటికీ తేలకపోతే డాక్టర్ దగ్గర రక్తపరీక్ష చేయించుకోండి. పిల్లల కోసం చికిత్సలో హెచ్‌సీజీ ఇంజెక్షన్ తీసుకున్నవాళ్లకు దాదాపు రెండు వారాల దాకా ఉత్తిపుణ్యానికే రెండు గీతలు రావచ్చు. టెస్ట్ ఎప్పుడు చేయాలో మీ డాక్టర్‌నే అడగండి.

పాజిటివ్ వస్తే డాక్టర్‌ని కలవండి, ఫోలిక్ యాసిడ్ గురించి అడగండి. పిండం గర్భాశయంలోనే ఉందో, దాని పక్కనుండే ట్యూబ్‌లో ఉందో కిట్ చెప్పలేదు. పొత్తికడుపులో ఒకవైపు బాగా నొప్పి, రక్తం కనపడటం, కళ్లు తిరగడం, భుజం చివర నొప్పి, వీటిలో ఏది ఉన్నా తెల్లారేదాకా ఆగొద్దు. వెంటనే ఎవరినైనా తోడు తీసుకుని ఆసుపత్రికి వెళ్లండి.