"చూద్దాం" అనకుండా, ఫీచర్ అడిగినవారికి జవాబు చెప్పడం ఎలా?

ప్రొడక్ట్ మేనేజర్‌గా చేరిన తొలి ఏడాదిలో, సేల్స్ విభాగంలోని ఒక సహోద్యోగి ఫలానా ఫీచర్ కావాలని అడిగితే, మొహమాటం కొద్దీ "చూద్దామండీ" అన్నాను. మూడు వారాల తరువాత కస్టమర్ నాకే ఫోన్ చేసి, అది ఏ తేదీకి వస్తుందని అడిగారు. నేను కాదనలేక అన్న మాటను ఆ సహోద్యోగి ఔనన్నట్టుగా విని, కస్టమర్‌కు మాట ఇచ్చేశారు. ఈ ఉద్యోగంలో ఇంజనీర్లు, డిజైనర్లు సాధారణంగా మన కింద పనిచేయరు. ప్రొడక్ట్ ఎలా నడిచినా జవాబు చెప్పవలసింది మాత్రం మనమే. 1931లో ప్రాక్టర్ అండ్ గాంబుల్ సంస్థలో నీల్ మెకెల్రాయ్, ఒక్కో బ్రాండు మంచిచెడ్డలకు కొందరిని ప్రత్యేకంగా బాధ్యులను చేయాలంటూ రాసిన మెమోను ఈ వృత్తికి మూలంగా చెబుతారు.

1. అడిగింది అడిగినట్టు, వారి మాటల్లోనే రాసుకోండి. ఎవరు అడిగారు, ఆ సమయంలో ఏ పని చేస్తున్నారు అన్నది కూడా చేర్చండి. జవాబు ఏ రోజు చెబుతారో చెప్పి, అక్కడితో ఆపండి.

2. వీలైతే వెళ్లి చూడండి. అన్నిటికన్నా విలువైన అడుగు ఇదేనని నా నమ్మకం. మందుల షాపుల బిల్లింగ్ సాఫ్ట్‌వేర్‌పై పనిచేస్తున్నప్పుడు, బిల్లులన్నీ ఎక్సెల్‌లోకి దించుకునే బటన్ కావాలని చాలా షాపులవారు అడిగారు. నెల పదో తారీఖున ఒక షాపులో కౌంటర్ పక్కన స్టూలు వేసుకుని కూర్చున్నాను. అమ్మకాల వివరాలు చూపే జీఎస్టీ రిటర్న్ జీఎస్టీఆర్-1ను నెలనెలా దాఖలు చేసేవారికి పదకొండో తేదీ గడువు కనుక, యజమాని ఒకపక్క మాత్రల స్ట్రిప్పులు కత్తిరించి ఇస్తూనే, మధ్యమధ్య స్క్రీన్ చూసి హెచ్‌ఎస్‌ఎన్ కోడ్‌ల (సరుకు ఏ రకమో తెలిపే అంకెల) వారీ మొత్తాలను పొడుగాటి నోటు పుస్తకంలో పెన్సిల్‌తో కూడుతున్నారు. ఆ పేజీని ఫొటో తీసి ఆడిటర్ గారికి వాట్సాప్‌లో పంపుతారట. ఎక్సెల్ ఆయన ఏనాడూ తెరవలేదు. ఎవరో చెబితే ఆ పేరు అడిగారు. ఆయనకు కావలసింది ఆ ఒక్క పేజీ, దాన్ని పంపే ఒక్క బటన్.

3. లెక్క వేయండి. రైస్ (RICE) అనే పద్ధతిలో, ఎంతమందికి చేరుతుంది, ఎంత మేలు చేస్తుంది, మన అంచనాపై మనకెంత నమ్మకం అనే మూడింటినీ గుణించి, పట్టే శ్రమతో భాగించాలి. 2,000 షాపులు, మేలు 1 (మధ్యస్థం), నమ్మకం 80 శాతం, ఒక మనిషికి 2 నెలల పని అనుకుంటే 800 వస్తుంది. 40 షాపులు, మేలు 2 (ఎక్కువ), నమ్మకం 50 శాతం, 4 నెలల పని అయితే 10 మాత్రమే. ఈ అంకెలు అంచనాలే అయినా, మీటింగులో ఎవరి గొంతు పెద్దదన్న తగవు పోయి, ఏ అంచనా తప్పన్న చర్చ మొదలవుతుంది.

4. జవాబును ముందు ఎదురుగా చెప్పి, అదే రోజు మెయిల్‌లో రాయండి. "ఈ మూడు నెలల్లో ఇది చేయలేము, కారణం ఇది, జూలై మొదటి వారంలో మళ్లీ పరిశీలించి నేనే మీకు చెబుతాను" అన్నంత స్పష్టంగా ఉండాలి. ఆ వారం వచ్చినప్పుడు, జవాబు మళ్లీ కాదే అయినా, వారు అడగకముందే మీరే ఫోన్ చేయండి. కాదన్నందుకు నొచ్చుకున్నవారు కూడా ఆ ఫోన్‌ను గుర్తుపెట్టుకుంటారు.

5. కస్టమర్‌కు ముందే మాట ఇచ్చేసి ఉంటే, సేల్స్ సహోద్యోగిని ఒంటరిగా పంపకుండా మీరూ కాల్‌లో కూర్చోండి. ఆ ఫీచర్ లేక ఏ పని ఆగిందో అడిగి, ఇప్పటికి ఏది చేయగలరో తేదీతో సహా చెప్పండి. ఆ కాల్‌లో సహోద్యోగిని తప్పుపట్టే మాట ఒక్కటి కూడా రానివ్వకండి. వచ్చే నెల ఆ కస్టమర్ దగ్గరికి మళ్లీ వెళ్లవలసింది ఆయనే.