ఫ్రాన్సు అణు జలాంతర్గామి, తొలి రాకెట్లు: సైన్స్ ఎగ్జిబిషన్‌లో చూపించే విధానం

తిరుపతి, చిత్తూరు బడుల సైన్స్ ఎగ్జిబిషన్‌కు ఫ్రాన్సు తొలి అణు జలాంతర్గామి ల రెదూతాబ్ల్‌ను ఎంచుకున్న విద్యార్థులకు అట్ట నమూనా ఒక్కటే చాలదు. ఆ జలాంతర్గామిలోని క్షిపణులూ, ఉపగ్రహాన్ని మోసిన దియమాన్ రాకెట్టూ ఒకే ప్రయోగాల పరంపరకు చెందినవని చూసేవారికి తెలియాలి. అందుచేత బల్ల మీద ముందు రాకెట్లకే చోటివ్వండి.

డ్రాయింగు షీటు చుట్టి మూడు గొట్టాలు చేసి, ద్రవ ఇంధన దశకు నీలం కాగితం, ఘన ఇంధన దశలకు ఎర్ర కాగితం అంటించండి. నీలం గొట్టం ఎమెరోద్. దాని మీద నిలిపే ఎర్ర గొట్టం తోపాజ్. రెండూ కలిస్తే సఫీర్. ఆపైన, రుబీ రాకెట్టుతో విడిగా పరీక్షించిన చిన్న ఎర్ర దశను పెడితే దియమాన్ తయారవుతుంది. పై గొట్టాల అడుగున లోపలికి దూరే అట్ట వలయం అతికిస్తే ఫ్యాను గాలికి పడిపోవు. క్షిపణుల రూపకల్పనకు 1959లో ఏర్పడిన ఫ్రెంచి సంస్థ సెరెబ్ రత్నాల పేర్లతో ఇలా ఒక్కొక్క దశనే పరీక్షించుకుంటూ వచ్చినందువల్లే, 1965 నవంబరు 26న అల్జీరియాలోని హమ్మగీర్ నుంచి దియమాన్ తన తొలి ప్రయోగంలోనే ఆస్టెరిక్స్ ఉపగ్రహాన్ని కక్ష్యలోకి చేర్చగలిగింది. చూడవచ్చిన పిల్లల చేతనే గొట్టాలు పేర్పించండి.

పక్కనే జలాంతర్గామి కథ చెప్పండి. సుసంపన్నం చేయని సహజ యురేనియంతో నడిచే రియాక్టరు మరీ పెద్దది కావడంతో క్యూ-244 అనే తొలి ప్రయత్నాన్ని విరమించిన ఫ్రాన్సు, దానికోసం సిద్ధమైన భాగాలతో డీజిలుతో నడిచే జిమ్నోట్‌ను కట్టి, క్షిపణులను దాని నుంచి పరీక్షించింది. ఫ్రాన్సులోని కదరాష్ అణు కేంద్రంలో నేల మీద నమూనా రియాక్టరును 1964లో నడిపి చూశాక, 1967 మార్చి 29న షెర్బూర్గ్‌లో ల రెదూతాబ్ల్ జలప్రవేశం చేసింది. 1971 డిసెంబరులో 16 క్షిపణులతో సేవలో చేరింది. రియాక్టరుకు గాలి అక్కరలేదు గనుక వారాల తరబడి నీటి అడుగునే ఉండగలదని ఇక్కడ తప్పక చెప్పాలి.

మునకను చూపడానికి పెన్ను మూత తెరిచి ఉన్న కొసకు, రంధ్రం మూసుకుపోకుండా బంకమట్టి అద్ది, అది నిటారుగా, మూసి ఉన్న కొస మాత్రమే పైకి కనిపించేలా తేలేదాకా బరువు సరిచేసి, నిండుగా నీళ్లున్న సీసాలో వేసి బిరడా బిగించండి. సీసాను నొక్కితే మూతలోకి నీరు చేరి అది మునుగుతుంది, వదిలితే తేలుతుంది. అసలు జలాంతర్గామి తొట్లలోని గాలిని వదిలి నీటిని నింపుకొని మునుగుతుందనీ, పైకి రావడానికి సంపీడన గాలితో ఆ నీటిని తోసేస్తుందనీ ఈ తేడాను విడమరచాలి.

తిరుపతి జిల్లాలోని శ్రీహరికోటతో సంబంధమేమిటని ఎవరైనా అడుగుతారు. ఎమెరోద్ ఇంజన్ రూపొందిన, ఫ్రాన్సులోని వెర్నాన్ ప్రయోగశాలలోనే తర్వాత ఏరియాన్ రాకెట్ల వైకింగ్ ఇంజన్ పుట్టింది. ఆ పరిజ్ఞానంతో ఇస్రో తయారుచేసిన వికాస్ ఇంజనే పీఎస్ఎల్‌వీ రెండో దశను నడుపుతోంది. ఈ జవాబును పీఎస్ఎల్‌వీ బొమ్మ కింద పెద్ద అక్షరాలతో రాసి, నీలం గొట్టం పక్కనే పెట్టండి.