సెకండ్ హ్యాండ్ మియాటా: ఏ జనరేషన్‌లో ఏం చూడాలి?

అమెరికాలో తక్కువ డబ్బుకి పైకప్పు తెరిచి నడిపే స్పోర్ట్స్ కారు అనగానే ముందు మాజ్డా మియాటానే గుర్తొస్తుంది. ఏ జనరేషన్ కొనాలన్నదే టెన్షన్. 1990-97 మోడళ్లను ఎన్ఏ అంటారు, 1999-2005వి ఎన్‌బీ, 2006-15వి ఎన్‌సీ, 2016 నుంచి ఎన్‌డీ. నన్నడిగితే ముందు వంగి కారు కింద చూడండి, ఏ సంవత్సరమన్నది తర్వాత అడగొచ్చు.

సమస్య: సీట్ల వెనక కార్పెట్ తడిగా ఉంది. వెనక చక్రానికి ముందు, తలుపు కింద పెయింట్ ఉబ్బింది.

కారణం: ఎన్ఏ, ఎన్‌బీల్లో గుడ్డ టాప్ మీద పడిన వాన నీళ్లు సీట్ల వెనక రెండు మూలల్లో ఉన్న రంధ్రాల గుండా కిందికి పోవాలి. ఆకులూ మట్టీ అడ్డుపడితే నీళ్లు లోపలే నిలుస్తాయి, తలుపు కింది రేకు లోపలి నుంచి తుప్పు పడుతుంది. పైకి బుడగ కనిపించిందంటే లోపల చాలా వరకు పోయినట్టే. న్యూజెర్సీ లాంటి చోట్ల చలికాలం రోడ్ల మీద చల్లే ఉప్పు దీనికి తోడు.

పరిష్కారం: తడి మాత్రమే ఉంటే గడ్డి ట్రిమ్మర్‌లో వాడే ప్లాస్టిక్ తీగ మెల్లగా దూర్చి శుభ్రం చేసి, నీళ్లు పోసి చూడండి. తుప్పు పట్టి ఉంటే ఆ రేకు కోసి కొత్తది వెల్డింగ్ చేయించాలి. ఆ ఖర్చు చూస్తే కారు చౌకగా దొరికిందన్న సంతోషం మిగలదు. ఎన్‌బీ అయితే లిఫ్ట్ ఎక్కించి ముందు వైపు చాసిస్‌కి (కింది ఉక్కు చట్రానికి) తుప్పు పట్టిందేమో కూడా చూడాలి. పొడి ఎడారి రాష్ట్రమైన అరిజోనాలో తిరిగిన, తుప్పు లేని కారు దొరికితే, ట్రక్కు మీద తెప్పించుకున్నా నష్టం లేదు.

సమస్య: క్లచ్ నొక్కితే మెత్తగా కిందికి దిగిపోతోంది, గేరు పడటం లేదు.

ఎన్ఏ, ఎన్‌బీల్లో ఇది మామూలే. చాలాసార్లు కింద ఉన్న స్లేవ్ సిలిండర్ (పెడల్ నొక్కినప్పుడు ఆయిల్ ఒత్తిడితో క్లచ్‌ని కదిలించేది) లీకవుతుంటుంది. చిన్న పార్టు, మార్పిస్తే సరి. భయపడకుండా బేరమాడండి.

సమస్య: 1990, 91 కార్లలో ఇంజిన్ ముందు పుల్లీ ఊగుతోంది.

తొలి 1.6 లీటర్ ఇంజిన్లలో క్రాంక్ (పిస్టన్లు తిప్పే ఇరుసు) ముందు కొస పొట్టిగా ఉండి, పుల్లీ పట్టు వదులయ్యేది. పుల్లీ మీద నాలుగు గాట్లుంటే ఆ పాత రకం, ఎనిమిదుంటే తర్వాత మార్చినది. ఊగుతుంటే ఇంజిన్ మార్చాల్సి రావచ్చు. మొదటిసారి కొనేవాళ్లు వదిలేయడమే మేలు.

సమస్య: ఎన్‌డీలో రెండో గేరు గరగరమంటోంది.

2016, 17 కార్ల గేర్‌బాక్స్ సున్నితం. తర్వాత కంపెనీ లోపలి భాగాలు మార్చింది. గేర్‌బాక్స్ మార్చినట్టు బిల్లు ఉంటే తీసుకోవచ్చు. బడ్జెట్ ఉంటే 2019 నుంచి చూడండి: 155 హార్స్‌పవర్ కాస్తా 181 అయింది, స్టీరింగ్ ముందుకీ వెనక్కీ జరుగుతుంది.

ఎన్‌సీని అందరూ లావు కారని వెక్కిరిస్తారు గానీ, పొడుగ్గా ఉన్నవాళ్లకు ఇరుకనిపించనిది అదే. ఇంజిన్ వాల్వులను వేళకు తెరిపించేది దీంట్లో టైమింగ్ బెల్ట్ కాదు, చైన్. బెల్ట్ మార్చే ఖర్చూ లేదు.

ఇక ఎన్ఏలో ఒక హెడ్‌లైట్ మాత్రమే పైకి లేచి, రెండోది కన్ను కొట్టినట్టు మూసుకునే ఉంటే కంగారొద్దు. మోటార్ దగ్గర రబ్బరు మూత కింద చిన్న గుబ్బ ఉంటుంది. దాన్ని చేత్తో తిప్పితే లైటు లేస్తుంది, ఆ రాత్రికి ఇంటికి చేరొచ్చు.