పేరు తీసేసినా మీ ఫొటో మీదేనని తెలియాలంటే

ఫొటోగ్రఫీలో స్టైల్ గురించి నన్ను అడిగేవాళ్లలో చాలామంది నిజానికి అడుగుతున్నది ప్రీసెట్ గురించి, అంటే ఒక్క నొక్కుతో ఫొటో రంగులు మార్చే రెడీమేడ్ సెట్టింగ్ గురించి. ఆ రంగు ఎలా వచ్చింది, ఏ యాప్ వాడారు, ఆ ఫైల్ ఇస్తారా అని. వాళ్లని తప్పుపట్టను, ఎందుకంటే నేనూ రెండేళ్లు అదే దారిలో నడిచాను. నీడల్లోకి నీలం తోసెయ్యడం, ఒంటి రంగుల్లోకి నారింజ తేవడం, ఆకుపచ్చని సగానికి సగం చంపెయ్యడం. ఒకరోజు నా ఫొటోలూ నా మిత్రుడి ఫొటోలూ ఒకే ఫోల్డర్‌లో కలిసిపోయాయి. ఇద్దరం రాజమండ్రి గోదావరి గట్టు మీద ఒకే సాయంత్రం తీసినవి. వేరు చేద్దామని కూర్చుంటే కొన్ని ఎవరివో నాకే తెలియలేదు. అప్పుడు కలిగిన బాధ చిన్నది కాదు, కానీ పని మొదలైంది అక్కడే.

స్టైల్ అంటే రంగు కాదు. మీరు ఎక్కడ నిలబడతారు, ఎంత దగ్గరికి వెళ్తారు, ఏ వేళకి వెళ్తారు, ఫ్రేమ్‌లోంచి దేన్ని తీసేస్తారు, వీటిలో మీరు మళ్లీ మళ్లీ చేసే ఎంపికే స్టైల్. ఫొటోగ్రాఫర్లు రఘు రాయ్, రఘువీర్ సింగ్ ఇద్దరూ 1942లోనే పుట్టారు, ఇద్దరూ ఈ దేశపు వీధుల్లోనే తిరిగారు. రఘు రాయ్ పేరు వినగానే మనకి ముందు గుర్తొచ్చేది నలుపు తెలుపుల్లో కిక్కిరిసిన ఫ్రేములు. రఘువీర్ సింగ్ అయితే రంగు లేకుండా భారతదేశాన్ని చూపించలేమని నమ్మి, గంగ ఒడ్డు నుంచి ముంబయి దాకా రంగుల్లోనే తీశాడు. తేడా యాప్‌లో లేదు, చూపులో ఉంది.

సరే, ఆ చూపుని పట్టుకోవడం ఎలా? కొత్తగా ఏదో కనిపెట్టనక్కర్లేదు. ఇప్పటికే తీసిన వాటిలో అది కొంత ఉంటుంది, మనం వెతకం అంతే. మీ పాత ఫొటోల్లోంచి ఓ వంద తీయండి. లైకులు వచ్చినవి కాదు, మీకు ఇష్టమైనవి, ఎందుకు ఇష్టమో చెప్పలేనివి కూడా. వాటిని దగ్గర్లోని స్టూడియోలో 4x6 సైజులో ప్రింట్ వేయించండి. స్క్రీన్ మీద చూస్తే చాలదా అంటారేమో, చాలదు. స్క్రీన్ మీద ఒక్కొక్కటే చూస్తాం, నేల మీద పరిస్తే వందా ఒకేసారి కళ్లలో పడతాయి. హాల్లో సామాను పక్కకి జరిపి, ఫ్యాన్ ఆపి, వరసలుగా పరవండి. బాగుంది, బాగాలేదు అనే మాట ఆ రోజుకి పక్కన పెట్టి, కొన్ని మామూలు ప్రశ్నలు వేసుకోండి. మనుషులు దగ్గరగా ఉన్నారా, దూరంగా ఉన్నారా? ముఖాలు కనిపిస్తున్నాయా, వీపులా? వెలుగు మీ వెనక నుంచి వస్తోందా, ఎదురుగానా? ఫ్రేమ్ నిండుగా ఉందా, ఖాళీ ఎక్కువా? జవాబులు కాగితం మీద రాయండి, ఎన్నెన్ని ఉన్నాయో లెక్క కూడా వేయండి.

నేను అలా పరిచినప్పుడు తేలినవి రెండు. నా ఫొటోల్లో మనుషులు ఎక్కువగా నాకు వీపు చూపిస్తూ నీళ్ల వైపు తిరిగి ఉన్నారు. వెలుగు దాదాపు ఎప్పుడూ నాకు ఎదురుగానే ఉంది. కాసేపు ఆలోచిస్తే కారణం దొరికింది. రాజమండ్రి గోదావరికి తూర్పు ఒడ్డున ఉంది, నది మనకి పడమర. ఉద్యోగం అయ్యాక సాయంత్రం వెళ్లేవాణ్ణి కాబట్టి కొవ్వూరు వైపు దిగే సూర్యుడు నాకు ఎదురయ్యేవాడు, మెట్ల మీద కూర్చున్నవాళ్లు అటే చూస్తూ ఉండేవాళ్లు. అంటే నా ఊరు, నా డ్యూటీ టైమ్, నా మొహమాటం కలిసి నాకు తెలియకుండానే నాకొక తీరు ఏర్పరిచాయి. దాన్ని వదిలేసి నేను వేరేవాళ్ల రంగుల కోసం తిరుగుతున్నాను.

ఫొటోలు సర్దుకునే లైట్‌రూమ్ సాఫ్ట్‌వేర్ వాడేవాళ్లయితే ఇంకో చిన్న పని చేయండి, మెటాడేటా ఫిల్టర్‌లో ఏ ఫోకల్ లెంగ్త్‌తో (లెన్స్ మీద ఎం.ఎం.లో ఉండే అంకె) ఎక్కువ తీశారో చూడండి. మూడు లెన్సులు కొన్నా ఎక్కువ ఫొటోలు ఒక్కదానితోనే తీసి ఉండొచ్చు. మీ కంటికి నప్పేది అదే.

ఇక రెండో పని, నిజంగా కష్టమైన పని. ఒక లెన్స్, ఒక చోటు, ఒక వేళ, మూడు నెలలు. క్రాప్ సెన్సార్ (చిన్న సెన్సార్) కెమెరా ఉంటే 35 ఎం.ఎం. లెన్స్ చాలు, ఫుల్ ఫ్రేమ్ (పెద్ద సెన్సార్) మీద 50 ఇచ్చే చూపుకి దగ్గరగా వస్తుంది. ఫ్రెంచ్ ఫొటోగ్రాఫర్ కార్టియర్ బ్రెసాన్ జీవితంలో ఎక్కువ భాగం ఆ 50తోనే తీశాడు. ఫోన్ అయితే 1ఎక్స్ మాత్రమే, జూమ్ లాగొద్దు, కావాలంటే నడవండి. చోటు మీ ఇంటికి నడిచి వెళ్లేంత దూరంలో ఉండాలి. ఎందుకంటే ఒంట్లో ఓపిక లేని రోజు కూడా వెళ్లాలి, లంబసింగి పొగమంచు కోసం ఏడాదికోసారి వెళ్లొస్తే ఈ పని జరగదు. రైతుబజారు, బస్టాండు, మీ వీధి చివర ఇస్త్రీ బండి, ఏదైనా సరే.

మొదటి రెండు వారాలు మీరు పోస్ట్‌కార్డులే తీస్తారు. నేనూ 1997లో రైళ్లు ఆగిపోయిన హేవలాక్ వంతెన, దాని వెనక సూర్యుడు, ముందు ఒక పడవ, అదే తీశాను, అందరూ తీసేదీ అదే. మూడో వారానికి అవన్నీ అయిపోతాయి. నాలుగో వారం విసుగు, ఇక్కడ ఇంకేం లేదు, వేరే చోటికి పోదాం అనిపిస్తుంది. దయచేసి అక్కడ ఆగకండి. ఆ విసుగు వచ్చిందంటే ఆ చోట అందరికీ కనిపించేవి మీకు అయిపోయాయని, ఇక మీకు మాత్రమే కనిపించేవి మిగిలాయని. నాకు ఐదో వారంలో మెట్ల మీద తడి పాదాల గుర్తులు కనిపించాయి. స్నానం చేసి పైకి వచ్చినవాళ్ల అడుగులు, ఎదురు వెలుగులో మెరిసి, చూస్తుండగానే ఆరిపోయేవి. పైమెట్టు మీద పెట్టిన చెప్పులు, స్టీలు చెంబు, మడత విప్పని తువ్వాలు కనిపించాయి. మనిషి లేకుండా మనిషిని చూపించడం నాకు ఇష్టమని అప్పుడే తెలిసింది.

మీరు ఏ మూడు నెలలు ఎంచుకున్నా చోటు కూడా మారుతుంది, మన నదులైతే మరీను. ఎండాకాలం ఇసుక తిన్నెలు తేలి, నీళ్లు ఎక్కడో దూరంగా ఉంటాయి. ఆషాఢ శ్రావణాల్లో ఎర్రటి వరద మెట్లు ఎక్కుతుంది, ఆ నీటికి మెరుపు తక్కువ కాబట్టి సిల్హౌట్ (ఎదురు వెలుగులో నల్లగా కనిపించే ఆకారం) అంత బాగా రాదు, పద్ధతి మార్చుకోక తప్పదు. కార్తీకంలో తెల్లవారక ముందే ఆడవాళ్లు అరటి దొప్పల్లో దీపాలు వదులుతారు. అప్పుడు సూర్యుడు ఊరి వెనక ఉంటాడు, వెలుగంతా ఆ దీపానిదే. ఒకే చోట ఇన్ని రకాల వెలుగులు ఉన్నా మీ ఫొటోల్లో మారకుండా ఏది నిలబడుతుందో, దాన్ని గుర్తుపెట్టుకోండి.

టెక్నిక్ ఇక్కడ పనికొస్తుంది, మీ ఇష్టానికి కావలసినంత వరకే. నాకు ఎదురు వెలుగు ఇష్టం కాబట్టి నేను నేర్చుకున్నవి కొన్నే. మెరిసే చోట వెలుగు కొలిచి, ఎక్స్‌పోజర్ ఒక స్టాప్, అంటే సగానికి, తగ్గించి, నీడలు నల్లగా పోయినా పోనివ్వడం. ఫోన్‌లో అయితే వెలుగున్న చోట వేలు పెట్టి లాక్ చేసి కిందికి జరపడం. కెమెరా తనంతట తాను రంగు సరిచేసే ఆటో వైట్ బ్యాలెన్స్ సాయంత్రపు పసుపుని తప్పనుకొని కడిగేస్తుంది, అందుకే పగటి వెలుగుకి సరిపోయే 5500 కెల్విన్ దగ్గర కదలకుండా పెట్టడం. మీకు మధ్యాహ్నపు నిట్టనిలువు ఎండ ఇష్టమైతే మీరు నేర్చుకోవలసినవి వేరే. అన్నీ నేర్చుకుని మొదలుపెడదాం అనుకుంటే ఏళ్లు పోతాయి.

పెద్దవాళ్ల పని చూడండి, తప్పకుండా చూడండి. అయితే వాళ్లలా తీయడానికి కాదు. ఒకరిని ఎంచుకుని ముప్పై ఫొటోలు చూసి, వాటిలో ఏం లేదో రాయండి. సాల్ లైటర్ న్యూయార్క్‌లో ఇంటి చుట్టుపక్కల వీధుల్లోనే దశాబ్దాల పాటు తీశాడు. ఆయన ఫొటోల్లో ఆ మహానగరపు ఎత్తైన భవనాల గొప్పతనం పెద్దగా కనిపించదు, తడి అద్దం వెనక ఒక టోపీ, మంచులో ఒక ఎర్ర గొడుగు కనిపిస్తాయి. మన దగ్గర వరంగల్‌కి చెందిన గుడిమల్ల భరత్ భూషణ్ ఏళ్ల తరబడి బతుకమ్మనీ తెలంగాణ పల్లె జీవితాన్నీ తీశారు. ఆ ఫొటోలు చూస్తే బయటి నుంచి పండగ చూడ్డానికి వచ్చినవాడి తొందర కనిపించదు. ఒక ఫొటోగ్రాఫర్ వద్దనుకున్నది ఏమిటో తెలిశాక, నేను దేన్ని వద్దనుకుంటాను అనే ప్రశ్న మనకీ వస్తుంది.

నా జాబితాలో మొదటిది ఇది. రేవులో పిండప్రదానం చేస్తున్నవాళ్లనీ, స్నానం చేస్తున్న ఆడవాళ్లనీ తీయను. ఎంత మంచి వెలుగు పడినా తీయను. ఇది మర్యాద గురించే, కానీ స్టైల్ కూడా ఇందులో ఉంది. ఎవరికి ఎంత దూరంలో ఆగుతారనేది మీ ప్రతి ఫొటోలో కనిపిస్తుంది.

ఎడిటింగ్ అనగానే రంగులు అనుకుంటాం, అంతకుముందు ఏరడం ఉంది. తీసిన రోజే ఏరకండి, ఆ రోజు పడ్డ కష్టం ఫొటోని అందంగా చూపిస్తుంది. రెండు వారాలు పక్కన పెట్టి, అప్పుడు మూడు నెలల పంటలోంచి పన్నెండు తీయండి. ఇక్కడ గుండె రాయి చేసుకోవాలి. నాకొక ఫొటో ఉండేది, వంతెన కింద సూర్యుడు, సరిగ్గా అప్పుడే ఎగిరిన కొంగల బారు. చూసినవాళ్లందరూ మెచ్చుకున్నారు. పన్నెండులో పెడితే అది ఒక్కటే వేరే మనిషి తీసినట్టు ఉంది, తీసేశాను. బాగుండటం వేరు, మీది కావటం వేరు. తర్వాత ఆ పన్నెండూ ఫొటోగ్రఫీ తెలియనివాళ్లకి చూపించండి, ఎలా ఉన్నాయి అని అడగొద్దు, బాగున్నాయి అనేస్తారు. ఏం కనిపిస్తోంది అని అడగండి. మా అమ్మ నా పన్నెండూ చూసి, "అందరూ ఎవరి కోసమో ఎదురుచూస్తున్నట్టున్నారేంట్రా" అంది. ఆ ఒక్క మాట నాకు ఏ కోర్సులోనూ దొరకలేదు.

రంగులు ఆ తర్వాతే. పన్నెండింటికీ ఒకే తీరు పెట్టండి, అది కూడా తక్కువగా. ఒకదానికి బాగుండి మిగతావాటికి నప్పకపోతే తీరు మార్చండి, ఫొటోని కాదు.

పెళ్లిళ్లు, ఫంక్షన్లు తీసి బతికేవాళ్లకి ఇదంతా కుదరదని అంటారు. కుదురుతుంది. పార్టీ అడిగినవన్నీ అడిగినట్టే ఇవ్వండి, జీలకర్ర బెల్లం, తలంబ్రాలు, అప్పగింతలు ఏదీ మిస్ కాకూడదు. వాటి మధ్యలో మీ చూపుతో ఓ పది తీసి ఆల్బమ్ చివర పెట్టండి. నెమ్మదిగా ఆ పది చూసి వచ్చేవాళ్లు వస్తారు.

ఏడాది తర్వాత మళ్లీ వంద ప్రింట్లు వేయించి, పాత వంద పక్కనే పరవండి. నేను పోయిన సంక్రాంతి సెలవుల్లో పరిచాను. ఎదురు వెలుగు అలాగే ఉంది, ఖాళీ అలాగే ఉంది, కానీ కొందరు ఇటు తిరిగారు. రోజూ కనిపించే మనిషినని రేవులో పడవవాళ్లు, పూలమ్మే ఆవిడ నన్ను పలకరించడం మొదలుపెట్టారు, ఆ పలకరింపు ఫొటోల్లోకి వచ్చింది. అందుకే ఇప్పుడు 35 లెన్స్ తీసి, ఇంకా వెడల్పుగా చూపే 24 వేసుకున్నాను, ఇంకో రెండు మెట్లు కిందికి దిగి తీస్తున్నాను.